గుండె పెరిగినదన్న మాటకు అర్థమేమి?

వరంగల్లు–ఖమ్మం రహదారిపై నున్న తొర్రూరులో ఒక రైతు విడువని దగ్గుతో ఛాతీకి ఎక్స్-రే తీయించుకొన్నాడనుకొందము. ఫిలిముతోపాటు వచ్చిన కాగితముపై ఊపిరితిత్తులు బాగున్నవనియు, కార్డియోమెగాలి కలదనియు వ్రాసియున్నది. అనగా గుండె పెద్దదైనదని. ఇంటిల్లిపాదియు హడలిపోవుదురు, లేదా దగ్గు తగ్గిన పిదప ఆ కాగితమును చూరులో చెక్కి మరచిపోవుదురు. రెండును పొరపాటే. కార్డియోమెగాలి యనునది ఒక రోగము పేరు కాదు. ఒక నీడను చూచి చెప్పిన మాట మాత్రమే. ఆ నీడ ఎందుకు పెరిగినదో కనుగొనుట తరువాతి పని.

గుండె నీడ వెడల్పును ఛాతీ లోపలి వెడల్పుతో పోల్చి చూచు పద్ధతిని డాంజరు అను వైద్యుడు 1919లో ప్రచురించెను. ఛాతీ వెడల్పు 28 సెంటీమీటర్లు, గుండె నీడ 13 సెంటీమీటర్లు అయినచో నిష్పత్తి సుమారు 0.46. పెద్దవారిలో ఇది 0.5 దాటినచో గుండె పెరిగినదేమోనని అనుమానింతురు. పసిపిల్లలకు ఈ హద్దు వర్తింపదు.

అయితే నీడను నమ్ముట ఎంతవరకు? గోడకును దీపమునకును నడుమ చేయి పెట్టి చూడుడు. చేయి గోడకు దగ్గరగా నున్నప్పుడు నీడ ఇంచుమించు చేయంతయే యుండును. దీపమువైపు జరిపినకొలది పెరిగిపోవును. తరగతి గదిలో టార్చిలైటుతో దీనిని ఐదు నిమిషములలో చూపవచ్చును. గుండె ఛాతీలో ముందువైపున కలదు. అందుచేతనే రోగి రొమ్మును ఫిలిముకు ఆనించి నిలువబెట్టి, ఆరడుగుల దూరమునుండి, వీపువైపుగా కిరణములను పంపుదురు. మంచము పట్టిన వానికి ఇది సాధ్యము కాదు. ఫిలిము వీపు క్రిందను, యంత్రము రొమ్ముకు దగ్గరగాను ఉండుటచే, ఆరోగ్యమైన గుండెయు పెద్దదిగా కనిపించును. ఊపిరి నిండుగా పీల్చకున్నను, కడుపు పెద్దదిగా నున్నను, గుండె అడ్డముగా ఒరిగి నీడ వెడల్పగును. కాబట్టి మొదటి ప్రశ్న, ఫిలిము ఎట్లు తీసినారన్నది.

నీడ నిజమే అనుకొందము. పెరిగినదేమి? కండ మందమెక్కినదా, గదులు సాగినవా, లేక గుండె చుట్టునున్న సంచిలో నీరు చేరినదా? మూడింటికి చికిత్సలు వేరు. రక్తపు పోటు ఎక్కువైనవారి గుండె, వస్తాదు కండవలె మందమెక్కును. ఆ మందము తొలుత లోపలివైపునకే పెరుగుటచే ఎక్స్-రేలో కానరాకపోవచ్చును. నీడ చిన్నదిగా నున్నంత మాత్రమున గుండె బాగున్నదనుటకు వీలులేదు!

గదులు సాగుట మరింత చిక్కు. పాత సైకిలు ట్యూబు ఒకచోట ఉబ్బినచో గాలి కొట్టినకొలది అక్కడనే ఎక్కువ ఉబ్బును గదా. గోడపై పడు బిగువు లోపలి పీడనమును, వ్యాసార్ధమును బట్టి పెరుగును. గోడ మందమును బట్టి తగ్గును. ఇది లాప్లాసు సూత్రము. వ్యాసార్ధము ఒకటిన్నర రెట్లయినచో, తక్కినవి మారకున్నను, బిగువు ఒకటిన్నర రెట్లగును. గోడ పలుచబడినచో ఇంకను ఎక్కువ. అనగా సాగిన గుండె, సాగినందువలననే మరింత సాగును. ఆలస్యము చేయరాదనుటకు కారణమిదియే.

లోపలి సంగతి తెలుపునది ఎకో పరీక్ష. 1953లో స్వీడనులోని లుండ్ నగరమున ఎడ్లరు అను వైద్యుడును, హెర్ట్జ్ అను భౌతిక శాస్త్రజ్ఞుడును, ఓడల కర్మాగారములో లోహమును పరీక్షించు పరికరమును అరువు తెచ్చి, గుండెపైకి అతిధ్వనులను పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనులను గుర్తించిరి. నేటి ఎకో యంత్రములో గోడల మందము, కవాటముల కదలిక, చుట్టునున్న నీరు అన్నియు కనిపించును. ఎడమ గదిలో 120 మిల్లీలీటర్ల రక్తముండి, ఒక్క కొట్టుకు 70 బయటికి పోయినచో అది సుమారు 58 శాతము, సరియైన పనియే. 40కి దిగినచో గుండె నీరసించినదన్నమాట. ఇ.సి.జి. విద్యుత్తు నడకను మాత్రమే చూపును; అదియు అవసరమే.

రక్త పరీక్షలను చిన్నచూపు చూడరాదు. తీవ్రమైన రక్తహీనతలో, చాలినంత ప్రాణవాయువు నందించుటకై గుండె అదనముగా శ్రమించి పెరుగును. థైరాయిడు దోషము, బి-1 విటమిను లోపము, సారాయి కూడ గుండెను పెంచగలవు. కారణము తొలగినచో పెక్కుసార్లు గుండె తిరిగి తగ్గును.

ఉపాధ్యాయులు ప్రత్యేకముగా గమనింపదగినది ఇంకొకటి. 5 మొదలు 15 ఏండ్ల పిల్లలలో, స్ట్రెప్టోకోకస్ సూక్ష్మజీవుల వలన గొంతునొప్పి వచ్చి, కొన్ని వారములకు కీళ్ళు వాచి జ్వరము వచ్చినచో, అది కవాటములను పాడుచేయు రుమాటిక్ జ్వరము కావచ్చును. మూడు, నాలుగు వారములకొక పెనిసిలిను సూది ఏండ్ల తరబడి వేయించినచో అది తిరుగబెట్టకుండ ఆపవచ్చును. ఆటల గంటలో ఆయాసపడి కూర్చుండిపోవు పిల్లవానిని సోమరి యనుకొనక, ఒకమారు వైద్యునికి చూపించుట మంచిది.

రక్తపు పోటు, హీమోగ్లోబిను దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలోనే చూపించుకొనవచ్చును. పై పరీక్షలకు తొర్రూరు వారికి వరంగల్లు దగ్గర. 1959లో స్థాపించిన కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధమైన మహాత్మాగాంధీ మెమోరియల్ ఆసుపత్రి అక్కడ కలదు. వెళ్ళునపుడు కాగితమొక్కటే కాక ఫిలిమును, పాతది యున్నచో దానినికూడ, తీసికొనిపోవలెను. రెండు నీడలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడే పెరిగినది నిన్నయో, పదేండ్ల క్రిందటనో తెలియును. పడుకొన్నప్పుడు ఆయాసము, పాదముల వాపు, సొమ్మసిల్లుట, రొమ్ము నొప్పి ఉన్నవారు మాత్రము సంతరోజు వరకు ఆగక ఆనాడే బయలుదేరవలెను.