మీకు తెలుసా? క్లుప్తంలో కత్తెర ఉంది!

‘సంగతి క్లుప్తంగా చెప్పు’, ‘ఉత్తరం క్లుప్తంగా రాయి’ అంటుంటాం. ఈ క్లుప్తానికీ క్షౌరానికీ చుట్టరికం ఉందని మీకు తెలుసా?

సంస్కృతంలో దీని అసలు రూపం కౢప్తం. ‘కౢప్’ ధాతువుకు అమరడం, తగినట్టుగా ఉండటం అని అర్థం. అమర్చడం, కత్తిరించడం అన్న అర్థాలూ ఈ కుదుటివే. చదువు ముగించిన స్నాతకుడు జుట్టు, గోళ్లు, గడ్డం కత్తిరించుకుని ఉండాలని మనుస్మృతి 4వ అధ్యాయం చెబుతుంది. అక్కడ వాడిన మాట ఈ ‘కౢప్త’మే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వంటవాళ్లుగా, స్నానం చేయించేవాళ్లుగా మారువేషాల్లో తిరిగే గూఢచారుల వరసలో ‘కల్పకుడు’ కూడా కనిపిస్తాడు. కల్పకుడంటే క్షురకుడు. నిఘంటువులు చూస్తే ‘కల్పని’ అంటే కత్తెర అని ఉంటుంది.

కల్పన, సంకల్పం, వికల్పం, అడిగిందల్లా ఇచ్చే కల్పవృక్షం, అన్నీ ఈ ధాతువు పిల్లలే. ఏనుగును యుద్ధానికి ముస్తాబు చేయడాన్ని కూడా అమరకోశం ‘కల్పన’ అంది. లేనిది అల్లే కల్పనా, ఉన్నది తగ్గించే క్లుప్తమూ తోబుట్టువులంటే నాకైతే వింతగా తోచదు. చేయి తిరిగిన క్షురకుడు చెవుల పక్కన నాలుగు వెంట్రుకలు తీసేసరికి ముఖానికే కళ వస్తుంది కదా! సంక్షిప్తం సంగతి వేరు. అందులో ఉన్నది ‘క్షిప్’, అంటే విసరడం. ‘సం’ చేరితే అంతా ఒకచోటికి పోగేయడం.

ఇంకో ముచ్చట. పాత బాలశిక్షల్లో ఋ, ౠ తర్వాత ఌ, ౡ దిద్దినవాళ్లు వీటితో ఏ మాట రాస్తామా అని తల గోక్కునే ఉంటారు. ఌ వినిపించే ధాతువు సంస్కృతంలో ఈ ‘కౢప్’ ఒక్కటే అనుకోవచ్చు. అందులోని ఌ కూడా పుట్టుకతో వచ్చింది కాదు. ధాతువు ‘కృప్’ అనీ, అందులోని రకారం లకారమవుతుందనీ పాణిని సూత్రం. ఇంత చిన్న కొలువు కోసం అక్షరమాలలో ఌకు చోటివ్వాలా అని పతంజలి మహాభాష్యంలో పెద్ద చర్చే నడిపాడు.

తెలుగులో మనం కకు కొమ్మిచ్చి, లావత్తు తగిలించి ‘క్లు’ అని రాసేసుకుంటున్నాం. పక్కనున్న ౡకు ఆ ఒక్క కొలువూ లేదు.