కారు కన్నుల ఆయుర్దాయం

వాడిన కారు కొనే సంసారి టైర్లు తడిమి చూస్తాడు, ఇంజను చప్పుడు చెవి ఒగ్గి వింటాడు, తలుపులు నాలుగూ తీసి వేసి చూస్తాడు. ముందు దీపాలు వెలిగితే చాలు. వాటి వయస్సెంత అని అడిగేవారు అరుదు. కాని దీపాలకూ ఆయుర్దాయం ఉన్నది. అందులోనూ జెనాన్ దీపాల కారైతే, ఆ ఆయుర్దాయం తీరిన నెలలో ఇంటి జమాఖర్చులు తలక్రిందులవుతాయి.

సాయంకాలం ఏడు దాటాక ఉప్పల్ రింగురోడ్డు దగ్గర కాసేపు నిలబడితే దీపాల జాతులన్నీ కనబడతాయి. పసుపు ఛాయగా వెలిగేవి పాతకాలపు హాలోజన్ దీపాలు. స్విచ్చి నొక్కగానే పూర్తి కాంతి ఇచ్చేవి ఎల్.ఇ.డి.లు. వేయగానే నీలంగా మెరిసి, కొన్ని సెకన్లపాటు తటపటాయించి, ఆ తరువాత తెల్లగా నిలదొక్కుకొనేవే జెనాన్ దీపాలు.

ఆ తటపటాయింపుకు కారణమున్నది. హాలోజన్ బల్బులో సన్నని తీగ ఎర్రగా కాగి వెలుగునిస్తుంది. జెనాన్ బల్బులో తీగే లేదు. చిన్న క్వార్ట్జు గుళికలో రెండు టంగ్‌స్టన్ మొనలు ఎదురెదురుగా ఉంటాయి. వాటి మధ్య జెనాన్ వాయువు, కొన్ని లోహ లవణాలు. బ్యాలస్ట్ అనే పెట్టె సుమారు ఇరవై వేల వోల్టుల దెబ్బ కొట్టి ఆ మొనల మధ్య మెరుపు పుట్టిస్తుంది. లవణాలు ఆవిరై పూర్తి వెలుగు వచ్చేసరికి కొద్ది సెకన్లు పడుతుంది. ఆపైన 35 వాట్లు చాలు; 55 వాట్ల హాలోజన్ కంటె రెట్టింపు వెలుగు! 1991లో బి.ఎం.డబ్ల్యు. వారి 7 సిరీస్ కారుకు మొదటిసారి ఇవి అమర్చారు. ఇక జెనాన్ అన్న పేరు 1898లో రామ్సే, ట్రావర్స్ అనే శాస్త్రజ్ఞులు పెట్టింది. గ్రీకు భాషలో దానికి పరాయివాడని అర్థమట. గాలిలో కోటి పాళ్లకు ఒక పాలు కూడా లేని వాయువు గనుక, తెలుగు పంతులునైన నేను దానిని అభ్యాగతుడనే అంటాను.

అభ్యాగతుడు ఎన్నాళ్లుంటాడు? రమారమి రెండువేల నుంచి మూడువేల గంటలు. హాలోజన్‌కు అయిదువందలు మొదలు వెయ్యి గంటలు. నాచారం నుంచి ఆఫీసుకు పోయి వచ్చే ఉద్యోగి చీకటిలో రోజుకొక గంట నడుపుతాడనుకోండి. రెండువేల గంటలంటే అయిదున్నర సంవత్సరాలు. అదే కారును రాత్రిళ్లు అయిదేసి గంటలు తిప్పితే ఏడాదీ నెలా. మాటిమాటికి వేసి ఆర్పినా ఆయుష్షు తగ్గుతుంది, ఎందుకంటే ఆ మొనలు ఎక్కువగా అరిగేది వెలిగించే క్షణంలోనే.

హాలోజన్ ఒకనాడు టప్పున ఆరిపోతుంది. మరునాడు కొత్తది వేస్తాము. జెనాన్ అలా కాదు. నెలల తరబడి కొద్దికొద్దిగా మసకబారుతుంది, తెలుపు కాస్తా నీలానికో గులాబీకో తిరుగుతుంది. రోజూ చూసే కంటికి ఆ తేడా తెలియదు. అసలు భయం ఇక్కడే. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు పైవంతెన పని 2018లో మొదలైన తరువాత, ఆ స్తంభాల మధ్య గుంతల్లో రాత్రి బండి నడిపినవారికి వేరే చెప్పనక్కరలేదు. నల్లకోటు వేసుకొని రోడ్డు దాటే ముసలాయన నాలుగు గజాల ముందు కనబడటం వేరు, నలభై గజాల ముందు కనబడటం వేరు.

ఇక ఖర్చు. మా కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రుడొకరు ఇలాంటి కారు చవకగా కొన్నారు. ఎడమ దీపం ఆరింది. ఒక వర్క్‌షాపువారు చూసి, దీపం మొత్తం మార్చాలి, డెబ్బయి వేలవుతుందన్నారు. ఆ రాత్రి ఆయన భార్య, కారు అమ్మేసి ఆటోలో తిరుగుదామన్నదట! మరునాడు నాచారంలో ఒక పాత మెకానిక్కు దగ్గరకు పోతే, అతను చేసిందల్లా ఎడమ బల్బు కుడికి, కుడి బల్బు ఎడమకు మార్చటమే. ఆరిన బల్బు కుడివైపునా వెలగలేదు. మంచిది ఎడమవైపున శుభ్రంగా వెలిగింది. అంటే బ్యాలస్ట్ బాగానే ఉన్నది, పోయింది బల్బొకటే. అదే ఎడమవైపున మంచి బల్బు కూడా వెలగకపోతే తప్పు బ్యాలస్ట్‌లోనో వైర్లలోనో ఉన్నట్లు. మిత్రుడికి రెండు బల్బులకు పద్నాలుగు వేలైంది. రెండూ ఎందుకంటారా? కొత్తదాని పక్కన పాతది గుడ్డిగా, వేరే రంగుగా ఉంటుంది. పైగా దాని రోజులూ దగ్గరపడ్డవే.

ఇంతకంటె చవకైన మార్గమొకటి బజారులో దొరుకుతుంది. హాలోజన్ దీపపు గిన్నెలోనే జెనాన్ బల్బు ఇరికించే కిట్టు. ఆ గిన్నె అద్దాలు సన్నని తీగ వెలుగు కోసం కొలిచి చేసినవి. మెరుపు వెలుగు అందులో కుదురుగా నిలవక ఎదురువచ్చే వాడి కళ్లలో కొడుతుంది. ఐరోపాలో రెండువేల ల్యూమెన్లు దాటిన దీపానికి దానంతటదే వంపు సరిచేసుకొనే అమరిక, అద్దం కడిగే ఏర్పాటు ఉండాలని నిబంధన. మన కుర్రవాళ్లు కిట్టు బిగించి, దుమ్ము పట్టిన అద్దంతో హబ్సిగూడా దాటుతుంటే, ఎదురు స్కూటరు మీది పిల్లలకు ఏమి కనబడుతుంది చెప్పండి?

కొత్త కార్లలో ఎల్.ఇ.డి.లు వచ్చి జెనాన్‌ను నెట్టేస్తున్నాయి గాని, వాడిన కార్ల బేరంలో అవి ఇంకా తగులుతూనే ఉంటాయి. కొనేముందు కారును చీకట్లో తెల్లగోడ ఎదుట నిలిపి రెండు వెలుగుల రంగూ ఒక్కటేనా అని చూడండి. బల్బు మార్చేటప్పుడు దాని అడుగున ఉన్న అక్షరాలు రాసుకొని వెళ్లండి. డి1ఎస్, డి3ఎస్ చూడటానికి కవలలే గాని, ఒకటి 85 వోల్టులది, రెండవది 42 వోల్టులది. ఒకదాని స్థానంలో ఒకటి పనికిరాదు. దీపాలు ఆర్పి, చల్లబడిన తరువాతే మూత విప్పాలి. ఆ వోల్టులతో ఆటలు వద్దు. గాజును వట్టి వేళ్లతో ముట్టరాదు. తీసిన పాత డి1ఎస్, డి2ఎస్ బల్బుల్లో కొద్దిగా పాదరసం ఉంటుంది గనుక, వాటిని పిల్లల చేతికివ్వక, చెత్తబుట్టలో పగలగొట్టక, కొత్త బల్బు వచ్చిన డబ్బాలోనే పెట్టి ఎలక్ట్రానిక్ చెత్త తీసుకొనేవారికి అప్పగించండి.