కొండచరియ లెక్క

2024వ సంవత్సరము జూలై 30వ తేదీ తెల్లవారుజామున కేరళమునందలి వయనాడు జిల్లాలో కొండచరియ విరిగి ముండక్కై, చూరల్‌మల గ్రామములపై బడెను. రెండువందలమందికి పైగా మరణించిరి. ఇట్టి యాపదను ముందుగా లెక్కకట్టుట సాధ్యమా?

వాలుపైనున్న మట్టిని భూమ్యాకర్షణము క్రిందికి లాగును. రేణువుల రాపిడియు, బిగువును దాని నాపును. ఆపు బలమును లాగు బలముచే భాగింపగా వచ్చునది భద్రతాగుణకము. అది ఒకటికి తగ్గినచో చరియ జారును. వాననీ రింకినకొలది రాపిడి సడలును.

సూత్రము సులభమే, చిక్కంతయు అంకెలలో నున్నది. మట్టి లోతెంత? నీరెంతవరకు నిండినది? నాలుగుచోట్ల త్రవ్విచూచినను కొండయంతయు తెలియదు. కావున గుణకము 1.2 అని తేలినను నిశ్చింతగా నుండరాదు. శాస్త్రజ్ఞులు సంభవింపదగిన విలువలను మార్చిమార్చి అదే లెక్కను కంప్యూటరుచే వేయిమారులు చేయింతురు. అందు నూరుమారులు గుణకము ఒకటికి తగ్గెననుకొందము. ప్రమాదసంభావ్యత పదింట ఒకటి. జూదమునకు పేరొందిన మాంటీకార్లో పేరే ఈ పద్ధతికి పెట్టిరి!

పదింట ఒకటియన్నచో గ్రామమును ఖాళీచేయింపవలెనా? సగటున తొమ్మిదిమారులు జనులు వృథాగా వానలో ఇల్లు విడుతురు. పదవమారు పిలిచినను రారేమో. అందుచే వాలు క్రింద నున్నది బయలా, బడియా యనునదికూడ లెక్కలో చేర్తురు.