జారాలి, జారకూడదు!

ఉప్పల్‌లోగాని నాచారంలోగాని మంచు గడ్డకట్టి నేలను కప్పెయ్యటం ఎవరూ చూసి ఉండరు. పుష్యమాసంలో కాస్త పొగమంచు కమ్మితేనే మనం చెవులకు మఫ్లరు చుట్టుకుంటాం. అయినా ఈ ప్రాంతానికి మంచుతో ఒక చుట్టరికం ఉన్నది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రోడ్డు మీదనే ఉన్నది. 1992లో దానికి డైరెక్టరు అయిన హర్ష్ గుప్తాగారు అంతకు ముందే, 1983-84లో, అంటార్కిటికాకు వెళ్ళిన మూడవ భారత యాత్రకు నాయకుడు. అక్కడ మన మొదటి స్థావరమైన దక్షిణ గంగోత్రి వెలిసింది ఆ యాత్రలోనే.

అటువంటి మంచునేల మీద మామూలు బూట్లతో నడిస్తే కాళ్ళు మోకాలిదాకా దిగబడతాయి. అందుకని చలిదేశాలవాళ్ళు పాదాలకు పొడవైన సన్నని పలకలు కట్టుకుంటారు. వాటినే స్కీలంటారు. మనిషి బరువు పలక పొడవునా పరుచుకుంటుంది కనక కాలు దిగబడదు. 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువాన్ని మొట్టమొదట చేరిన అమండ్‌సెన్ బృందం వెళ్ళినది స్కీల మీదా, కుక్కలు లాగే బండ్ల మీదానే.

కొండ మీదినుంచి కిందికి జారటం సులభమే. బల్లపరుపు నేల మీద ముందుకు పోవటం ఎలాగ? ఒక కాలితో వెనక్కు తన్నాలి, రెండో కాలి మీద ముందుకు జారాలి. తన్నే క్షణంలో స్కీ నేలను గట్టిగా పట్టుకోవాలి. మరుక్షణంలో అదే స్కీ నున్నగా జారిపోవాలి. ఒకే పలక జారనూ జారాలి, జారకుండానూ ఉండాలి!

ఈ చిక్కుకు విరుగుడు మీకు తెలిసినదే. గోధుమ వెన్ను ఒకటి తెచ్చి, దాని ముళ్ళు కిందికి ఉండేట్టు చొక్కా చేతిలోకి దూర్చి చెయ్యి ఆడించండి. అది పైపైకి పాకుతుందే గాని వెనక్కు రాదు. ముళ్ళన్నీ ఒకేవైపుకు వాలి ఉండటమే కారణం. దర్జీ దగ్గర మఖమలు గుడ్డ ఉంటే నిమిరి చూడండి. ఒకవైపు నున్నగా పోతుంది, ఎదురు నిమిరితే వేలికి అడ్డుతుంది.

ఆల్టాయ్ కొండల వేటగాళ్ళు ఈ సంగతి ఏనాడో కనిపెట్టారు. వాళ్ళు స్కీల అడుగున గుర్రపు తోలు, వెంట్రుకలు వెనక్కు వాలేట్టుగా తొడుగుతారు. ఇప్పటి స్కిన్ స్కీల సూత్రం కూడా ఇదే. కాకపోతే తోలు అడుగంతా ఉండదు. పాదం కింది భాగంలో మాత్రం ఒకటి రెండు సన్నని పట్టీలు అతికిస్తారు. వాటిలో ఉండేది అంగోరా మేక బొచ్చు. దాన్నే మోహెయిరు అంటారు. ఉత్త మోహెయిరు బాగా జారుతుంది. నైలాను కలిపితే ఎక్కువ కాలం మన్నుతుంది. అంతకు ముందు పట్టుకోసం స్కీలకు మైనం రాసేవారు, ఇప్పటికీ రాసేవారున్నారు. కాని మంచు చలిని బట్టి మైనం మార్చాలి. చలి సున్నా డిగ్రీల దగ్గర ఊగిసలాడే రోజున ఆరితేరినవాళ్ళు కూడా తికమకపడతారు. ఆ బాధ పడలేకే చాలామంది పట్టీల వైపు తిరిగారు.

పట్టీ ఒక్కటే చాలదు. స్కీని నేల మీద ఉంచితే నడిమి భాగం వంతెనలాగా పైకి లేచి ఉంటుంది. ఒక వెదురుబద్దను కాస్త వంచి నేల మీద బోర్లించి, నడుమ వేలితో నొక్కి చూడండి. మెల్లగా నొక్కితే నేలను తాకదు. గట్టిగా నొక్కితే తాకుతుంది. స్కీ కూడా అంతే. రెండు కాళ్ళ మీదా నిలిచి జారేటప్పుడు పట్టీ మంచుకు పైన ఉండాలి. ఒంటికాలితో తన్నినప్పుడు మంచును అదుముకోవాలి.

"ఒంటికాలి మీద జారేటప్పుడు బరువంతా ఆ కాలి మీదే కదా?" అని చురుకైనవాళ్ళు అడుగుతారు. అప్పుడు బరువు మడమ వైపుకు ఉంటుంది, తన్నులో ఉండే అదనపు ఊపూ ఉండదు. పట్టీ కాస్త తగిలినా వెంట్రుకలు పడుకుంటాయి కనక పెద్దగా అడ్డదు.

ఇప్పుడు నాచారంలోని ఒక అన్నయ్య చదువుకు నార్వే వెళ్ళాడనుకుందాం. అతని బరువు అరవై కిలోలు. అమ్మానాన్నలు పంపిన డబ్బుతో స్కీలు కొనాలి. అంగడిలో అన్నిటికన్నా మెరిసేవి పందెగాళ్ళ స్కీలు: తేలికగా, బిగువుగా ఉంటాయి, పట్టీ కూడా పొట్టిగా ఉంటుంది. అతని మనసు వాటి మీదికే పోతుంది. వాటిలో జారు హెచ్చు, పట్టు తక్కువ. సరి అయిన క్షణంలో సరిగ్గా తన్నటం చేతకాకపోతే కాలు వెనక్కు జారి, చేతికర్రలతోనే ఈడ్చుకుంటూ పోవలసి వస్తుంది. మొదటి ఏడు అతనికి కొంచెం మెత్తనివీ, పట్టీ పొడుగ్గా ఉన్నవీ మేలని నా ఉద్దేశం. తన్నటం కుదిరిన తరవాత పందెం స్కీలు ఎలాగూ దొరుకుతాయి.

ఏది తీసుకున్నా పొడవు కన్నా బరువు ముఖ్యం. చలిబట్టలూ, వీపున సంచీ మొయ్యాలంటే అదీ కలిపి తూచుకోవాలి. డెబ్బైఐదు కిలోల మనిషికి చేసిన స్కీని మన అన్నయ్య అదమలేడు. నలభైఐదు కిలోలవారిది తీసుకుంటే పట్టీ ఎప్పుడూ మంచును రాస్తూనే ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. యూనిఫారాలూ, బూట్లూ "వచ్చే ఏడుకు కూడా వస్తాయి" అని ఒక సైజు పెద్దవి కొనటం మన ఇళ్ళల్లో మామూలే. (నేను నాలుగో తరగతి అంతా బూట్ల ముందు దూది కుక్కుకుని నడిచాను.) స్కీల దగ్గర ఈ పొదుపు పనిచెయ్యదు. పెరగబోయే బరువుకు కొన్న స్కీ ఈ ఏడు పిల్లవాడి తన్నుకు లొంగదు, వాడు పది అడుగులు పోకముందే ఏడుపు మొదలుపెడతాడు.

సరిపోయిందీ లేనిదీ తెలుసుకునేందుకు అంగళ్ళలో ఒక ఉపాయం ఉన్నది. చదునైన పలక మీద రెండు స్కీలూ ఉంచి, మనిషి వాటి మీద సమంగా నిలబడతాడు. ఇంకొకరు పాదం కింద, స్కీకీ పలకకూ మధ్య, ఒక పల్చని కాగితం దూర్చి ముందుకూ వెనక్కూ జరుపుతారు. అది అడ్డులేకుండా కదలాలి. తరవాత మనిషి ఒంటికాలి మీద బరువంతా మోపుతాడు. అప్పుడు లాగినా కాగితం రాకూడదు. వచ్చిందా, ఆ జత పక్కన పెట్టి ఇంకొక జత తెమ్మనాలి.