నెత్తురు చెప్పిన లెక్క: బెజవాడ నుంచి అలాస్కా దాకా

2020 సెప్టెంబరు నాటికి ఆంధ్రప్రదేశ్‌లో కరోనా కేసులు అన్నిటికంటే తక్కువగా నమోదైన జిల్లా ఏదో తెలుసా? కృష్ణా జిల్లా. విజయవాడలాంటి కిక్కిరిసిన నగరం అప్పట్లో ఆ జిల్లాలోనే ఉంది. అయినా అదే అట్టడుగు లెక్క!

నెత్తురు మాత్రం వేరే మాట చెప్పింది. ఆ ఆగస్టులో అనంతపురం, తూర్పు గోదావరి, కృష్ణా, నెల్లూరు జిల్లాల్లో తొలి విడత సీరో సర్వే జరిగింది. ముక్కులో పుల్ల పెట్టి చేసే పరీక్ష ఇవాళ వైరస్ ఉందా లేదా అన్నదే చెబుతుంది. సీరో సర్వే వెతికేది యాంటీబాడీలను. జబ్బు మనకు తెలియకుండా వచ్చిపోయినా అవి నెలల తరబడి ఒంట్లో ఉంటాయి. నాలుగు జిల్లాల్లో కృష్ణాదే పైస్థానం: 22.3 శాతం. ఒక్క విజయవాడ నగరమే తీసుకుంటే దాదాపు 40 శాతం. అంటే ప్రతి ఐదుగురిలో ఇద్దరిని వైరస్ అప్పటికే పలకరించి వెళ్లింది. వాళ్లలో చాలామందికి జ్వరం కూడా రాలేదు. జ్వరం రానివాళ్లు పరీక్షకు వెళ్లరు, వెళ్లనివాళ్లు లెక్కలోకి ఎక్కరు.

నెల్లూరుది దీనికి సరిగ్గా తలకిందులు. యాంటీబాడీల్లో రాష్ట్రంలోనే అడుగున, 8.2 శాతం. కేసులేమో సెప్టెంబరుకల్లా కృష్ణాకు రెట్టింపు.

మిగతా తొమ్మిది జిల్లాలూ పూర్తయ్యాక అప్పటి ఆరోగ్యశాఖ కమిషనర్ కాటమనేని భాస్కర్ ఫలితాలు వెల్లడించారు. మొదటి స్థానం విజయనగరానిది (30.6), తర్వాత కర్నూలు (28.1), మూడోది కృష్ణా. రాష్ట్ర సగటు 19.7 శాతం. జనాభాతో లెక్కేస్తే కోటి మంది దాకా తేలతారు. అప్పటికి నమోదైన కేసులు 5.37 లక్షలు!

పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది. తీసిన నెత్తురు గడ్డకట్టాక పైన తేరే లేత పసుపు ద్రవమే సీరం. 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో దాన్ని చుక్కచుక్కగా వేస్తారు. యాంటీబాడీలుంటే గుంట నీలం తిరుగుతుంది, చివర్లో ఆమ్లం పడగానే పసుపైపోతుంది. రంగు ఎంత చిక్కనైతే యాంటీబాడీలు అంత ఎక్కువ. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తయారుచేసిన ‘కోవిడ్ కవచ్’ కిట్‌తో రెండున్నర గంటల్లో 90 నమూనాలు తేల్చవచ్చు.

ఐసీఎంఆర్ దేశవ్యాప్త సర్వేకు మన రాష్ట్రం నుంచి ఎంపికైనవి కూడా కృష్ణా, నెల్లూరు, విజయనగరమే. 2020 వేసవిలో దేశం మొత్తమ్మీద 0.73 శాతంగా ఉన్న అంకె 2021 జూన్, జులై నాటికి 67.6కు ఎగబాకింది. అందులో టీకా వల్ల వచ్చిన యాంటీబాడీలూ కలిసే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌ది 70.2. అత్యధికం మధ్యప్రదేశ్, 79. అత్యల్పం కేరళ, 44.4. కేరళది వెనకబాటు అనుకోకండి. వైరస్ అందుకోలేకపోయిన వాళ్లు అక్కడ ఎక్కువ మంది మిగిలారన్నమాట.

కరోనా ఒక్కటే కాదు. 2017-18లో 15 రాష్ట్రాల్లో 12,300 మంది నెత్తురును డెంగీ కోసం పరీక్షిస్తే దక్షిణాదిలో 76.9 శాతం మందికి అది ఎప్పుడో ఒకప్పుడు సోకినట్టు తేలింది. కాలవగట్ల మీద, నీళ్ల డ్రముల మధ్య బతికే డెల్టావాళ్లం ఉలిక్కిపడాల్సిన అంకె ఇది.

నెత్తురు జ్ఞాపకం ఎంతకాలం? జబ్బును బట్టి ఉంటుంది. 1949లో అలాస్కాలోని బారో గ్రామస్థులను పరీక్షిస్తే ఒక రకం పోలియో యాంటీబాడీలు ఇరవై ఏళ్లు దాటినవాళ్లలోనే కనిపించాయి. ఆ పోలియో ఊళ్లోకి ఎప్పుడొచ్చిందో కాగితాలు తిరగేయకుండానే తెలిసిపోయింది. 1918 నాటి ఫ్లూను చూసిన 32 మంది వృద్ధుల్లో, తొంభై ఏళ్ల తర్వాత కూడా, దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు దొరికాయి. నాకు తెలిసినంతలో రికార్డు ఇదే.

ఇలాంటి సర్వే కోసం ఆరోగ్య కార్యకర్త మీ గుమ్మంలోకి వస్తే, నాకేం జబ్బు లేదు కదా అని తలుపు వేయకండి. జబ్బు లేనివాళ్ల నెత్తురే ఆ లెక్కకు కావాలి.