పరిశోధన చింపాంజీల సంరక్షణ

పరిశోధన చింపాంజీల సంరక్షణ అనగా ప్రయోగాల కొరకు నిర్బంధంలో ఉంచిన చింపాంజీలకు ప్రయోగకాలంలోను, ఆ తరువాత మిగిలిన జీవితకాలంలోను వసతి, ఆహారం, వైద్యం, సాంగత్యం సమకూర్చుట. చింపాంజీ ఆఫ్రికా అడవులకు చెందిన వానరం. మోత్కూరు వంటి మన ఊళ్ళలో ఇళ్ళపై తిరిగే కోతులకు, కొండముచ్చులకు తోక ఉంటుంది. చింపాంజీకి తోక లేదు. కనుక దీనిని కోతి అనుట సరికాదు. నిర్బంధంలో ఇది 50 సంవత్సరాలకు పైగా బ్రతకగలదు. ప్రయోగం మాత్రం కొద్ది నెలలలోనో, కొన్నేళ్ళలోనో ముగుస్తుంది. ఆ తరువాతి దశాబ్దాల పోషణభారం ఎవరిదన్నదే ఇందులో అసలు చిక్కు.

చరిత్ర

1961 జనవరి 31న అమెరికా హామ్ అను చింపాంజీని రాకెట్టులో అంతరిక్షానికి పంపి సజీవంగా దింపినది. ఈ సంగతి చాలామందికి తెలుసు. హామ్ ఆ తరువాత వాషింగ్టన్ జంతుప్రదర్శనశాలలో 1963 నుండి 1980 వరకు ఎక్కువ కాలం ఒంటరిగా గడిపినదని తెలిసినవారు తక్కువ. గుంపులో బ్రతికే జీవికి ఇంతకు మించిన శిక్ష లేదనవచ్చును.

హెపటైటిస్-బి, హెపటైటిస్-సి పరిశోధనలలో చింపాంజీలను విరివిగా వాడారు. 1986లో ఎయిడ్స్ పరిశోధన కొరకు అమెరికా ప్రభుత్వం వీటి సంతతిని పెంచుట ప్రారంభించినది. అయితే వైరస్ ఎక్కించినను చింపాంజీలు చాలావరకు జబ్బు పడలేదు. దానితో అవసరానికి మించిన జంతువులు మిగిలిపోయాయి. 1995లో సంతతి పెంపకాన్ని నిలిపివేశారు. 2000లో చేసిన చట్టం ప్రకారం వీటికి విశ్రాంతి ఆశ్రయం ఏర్పరచవలసి వచ్చినది. లూసియానాలోని చింప్ హేవెన్ 2005 నుండి వీటిని స్వీకరించినది. 2015లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ తన చింపాంజీలన్నిటికీ ప్రయోగాల నుండి విరమణ ప్రకటించినది. ముసలివైన కొన్నిటిని తరలించక న్యూ మెక్సికో కేంద్రంలోనే ఉంచుట చట్టవిరుద్ధమని 2022 డిసెంబరులో ఒక ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పినది.

లైబీరియా ఉదంతం వేరు. అక్కడ న్యూయార్క్ బ్లడ్ సెంటర్ 1974 నుండి ప్రయోగాలు నడిపి, ముగిసిన పిమ్మట చింపాంజీలను నదీ దీవులపై వదిలినది. చింపాంజీకి ఈత రాదు, ఆ దీవులలో చాలినంత ఆహారమూ లేదు. పడవలో తిండి తీసుకువెళ్ళవలసినదే. 2015లో ఆ సంస్థ నిధులు ఆపివేయగా 60కి పైగా చింపాంజీల బ్రతుకు జంతుసంక్షేమ సంఘాల దయపై పడినది. 2017లో కుదిరిన ఒప్పందం ప్రకారం సంస్థ 60 లక్షల డాలర్లు ఇచ్చుటకు అంగీకరించినది.

పోషణ విధానం

చింపాంజీని ఒంటరిగా ఉంచరాదు. కొత్తదానిని గుంపులో చేర్చునపుడు మొదట జాలీకి ఇరువైపుల ఉంచి, పరిచయం అయిన తరువాతనే కలుపుతారు. ఎక్కుటకు ఎత్తైన కట్టడాలు, రాత్రి పడకకు గడ్డి లేక దుప్పట్లు ఇస్తారు. అడవిలో ఇది ప్రతి సాయంత్రం కొమ్మలతో పడక అల్లుకుంటుంది. అడవిలో రోజులో అధికభాగం ఆహారాన్వేషణలోనే గడుస్తుంది. కనుక తిండిని పళ్ళెంలో పెట్టక చెల్లాచెదురుగా దాచుట, కృత్రిమ చెదపుట్టలో తీపిపదార్థం ఉంచి పుల్లతో తీయనిచ్చుట వంటి పద్ధతులు పాటిస్తారు. పని లేని చింపాంజీ తన వెంట్రుకలు తానే పీకుకుంటుంది, కూర్చున్నచోటనే ఊగుతుంది.

మనుషుల జలుబు, క్షయ దీనికి సోకగలవు. కావున సేవకులు ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు ధరించవలెను. కండబలం మిక్కుటం గనుక జాలీ బయటనుండే పని చేస్తారు. మత్తు బాణం వేయుటకు బదులు, బహుమతిగా పండు ఇస్తూ సూదికి తానే చేయి చాపునట్లు నేర్పుట మేలైన పద్ధతి. నిర్బంధంలోని చింపాంజీలలో గుండెజబ్బు మరణాలు ఎక్కువ.

భారతదేశంలో

మన దేశపు అడవులలో చింపాంజీ లేదు. ప్రయోగశాలలలో ఈ ప్రశ్న కోతుల విషయమై వస్తుంది. 1976లో ముంబై నుండి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు తరలివచ్చిన ప్రయోగ జంతువుల కేంద్రం ఎలుకలు, కుందేళ్ళతో పాటు కోతులను కూడా పోషించినది. జంతు ప్రయోగాల పర్యవేక్షణ 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1998 నియమాల క్రింద జరుగుతుంది. ప్రయోగానంతర సంరక్షణ, పునరావాసం పరిశోధకుని బాధ్యత అనియు, ఆ ఖర్చు పరిశోధన వ్యయంలో భాగమనియు 2006 సవరణ నిర్దేశించినది. జంతువు ఎంతగా బాధను ఎరుగగలదో అంతగా ఆ మొత్తం కూడా పెరగవలెనని అందులో ఉన్నది.