మడిచి జేబులో పెట్టుకోవడానికి పుట్టిన కవరు

కిరాణా కొట్టులో సరుకులు వేసిచ్చే పలుచటి ప్లాస్టిక్ కవరును పారేయడానికి తయారుచేయలేదు. 1960ల తొలినాళ్లలో స్వీడన్‌లోని నార్‌షోపింగ్‌లో సెల్లోప్లాస్ట్ కంపెనీ ఇంజినీరు స్టెన్ గుస్తాఫ్ తూలిన్ దానికి రూపం ఇచ్చాడు. అప్పట్లో అందరూ వాడేది కాగితం సంచి. దాని కోసం చెట్లు కొట్టాలి, పైగా తడిస్తే అడుగు ఊడిపోతుంది. తడిసినా చిరగని, మళ్లీ మళ్లీ పనికొచ్చే సంచి కావాలన్నది ఆయన ఆలోచన. నాన్న జేబులో ఎప్పుడూ ఒక కవరు మడిచి ఉండేదని, జనం దాన్ని ఒకసారి వాడి పారేస్తారంటే ఆయనకు వింతగా ఉండేదని తూలిన్ కొడుకు తర్వాత చెప్పాడు.

దాని నిర్మాణం నిజంగా మెచ్చుకోదగ్గది. పాలిథిన్ గుళికలను కరిగించి, గుండ్రటి సన్నని సందులోంచి నెడుతూ లోపలికి గాలి ఊదుతారు. కరిగిన ప్లాస్టిక్ పొడవాటి బుడగలా ఉబ్బి, చల్లారేసరికి పలుచటి గొట్టంగా మారుతుంది. దాన్ని రోలర్ల మధ్య అణిచి, పక్కలను లోపలికి మడుస్తారు. పైనా కిందా అడ్డంగా వేడితో అతికించి, పై అంచు మధ్యలోంచి ఒక ముక్క కోసేస్తే మిగిలేవే రెండు పిడులు. వాటిని విడిగా తెచ్చి అంటించలేదు కాబట్టి అవి ఊడిరావు. పిడి దగ్గర పడ్డ బరువు అదే పొరలో అడుగు దాకా పంచుకుపోతుంది. సుమారు 8 గ్రాముల కవరు కిలోల కొద్దీ సరుకు మోయగలగడం వెనకున్న రహస్యం ఇదే.

మిగతా బలం రసాయనానిది. పాలిథిన్ 1933లో ఇంగ్లండులోని నార్త్‌విచ్‌లో, ఐసీఐ ప్రయోగశాలలో అనుకోకుండా దొరికింది. ఆ రకం అణువుల గొలుసులకు కొమ్మలెక్కువ, అందుకే అది మెత్తన. 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ తక్కువ ఒత్తిడిలోనే కొమ్మల్లేని గొలుసులు తయారుచేసే ఉత్ప్రేరకాన్ని కనిపెట్టాడు. అలాంటి గొలుసులు దగ్గరదగ్గరగా సర్దుకోవడంతో పలుచటి పొర కూడా గట్టిగా ఉంటుంది. చేత్తో నలిపితే గరగరమనే కవరు ఆ రకమే.

తూలిన్ సంచికి 1965లో అమెరికా పేటెంటు దక్కింది. 1977లో మోబిల్ కంపెనీ ఆ పేటెంటును రద్దు చేయించింది. ఆపైన తయారీదారులు పెరిగారు, ధర పడిపోయింది. 1982లో అమెరికాలో సేఫ్‌వే, క్రోగర్ లాంటి పెద్ద దుకాణాలు కూడా కవర్లకు మారాయి. నా దృష్టిలో ఈ కథ దారి తప్పింది అక్కడే. కొట్టువాడు ఊరికే ఇచ్చేదాన్ని ఎవరూ మడిచి దాచుకోరు.

1988, 1998 వరదల్లో బంగ్లాదేశ్ మురుగుకాల్వలకు కవర్లు అడ్డుపడ్డాయి. 2002లో ఆ దేశం పలుచటి పాలిథిన్ సంచులను నిషేధించింది. అదే ఏడాది ఐర్లండ్ ఇంకో దారి పట్టింది. కవరుకు 15 సెంట్ల పన్ను వేసి, దాన్ని కొన్నవాడే కట్టాలంది. వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. అక్కడివాళ్లకు సంచి కొనే స్తోమత లేక కాదు. డబ్బు అడిగేసరికి, ఇంట్లో సంచి ఉందన్న సంగతి గుర్తొచ్చింది.

అయితే చేతికి గుడ్డసంచి రాగానే పని అయిపోయినట్టు కాదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో రకరకాల సంచుల పుట్టుక నుంచి పారేసేదాకా లెక్క కట్టింది. వాతావరణాన్ని వేడెక్కించే విషయంలో, ఒక్కసారి వాడి పారేసే పలుచటి కవరుతో సరితూగాలంటే కాగితం సంచిని 3 సార్లు, దళసరి పాలీప్రొపిలీన్ సంచిని 11 సార్లు, నూలుసంచిని 131 సార్లు వాడాలని తేలింది. పత్తికి నీళ్లు, ఎరువులు కావాలి. ఆపైన వడకాలి, నెయ్యాలి. పైగా సంచి బరువు కవరుకు ఇరవై రెట్లు మించి ఉంటుంది. వారానికోసారి బజారుకు వెళ్లేవాళ్లకు 131 సార్లంటే రెండున్నరేళ్లు.

ఈ అంకెలు చూపి కవరే మేలని వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ పోలిక వాతావరణం గురించి. కాల్వలో ఇరుక్కున్న కవరు, ఆవు కడుపులో చేరిన కవరు అందులోకి రావు. నిజానికి ఆ అంకెలు చెప్పేది ఎన్నిసార్లు వాడాలో.

మన దేశంలో క్యారీబ్యాగుల కనీస మందం 2021 సెప్టెంబరు నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు. మందం పెరిగితే ఖర్చు పెరుగుతుంది, ఊరికే ఇవ్వాలంటే కొట్టువాడు వెనకాడతాడు. బరువుంటుంది గనక, చెత్త ఏరుకునేవాళ్లకూ నాలుగు డబ్బులొస్తాయి. కానీ దళసరి కవరునూ ఒకసారికే పారేస్తే, మునుపటికన్నా ఎక్కువ ప్లాస్టిక్ చెత్తలోకి వెళుతుంది. బట్టల షాపుల్లో, పెళ్లిళ్లలో ఇచ్చిన సంచులు ఇప్పటికే మన ఇళ్లలో తలుపు వెనక బోలెడు వేలాడుతున్నాయి. కొత్త నూలుసంచి కొనే ముందు వాటిని చిరిగేదాకా వాడాలి. చేపలకూ మాంసానికీ వేరే సంచి పెట్టుకుని, గుడ్డసంచిని అప్పుడప్పుడూ ఉతుక్కోవాలి.